గల్ఫ్ గ్యాస్ ప్లాంటా, సోలార్ పార్కా? కంచిలి తమ్ముడి ప్రశ్నకు ఒక పాత పైపు ఫిట్టర్ జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. కంచిలి దగ్గర ఊరు, ఐటీఐ ఫిట్టర్, విశాఖలో ఫాబ్రికేషన్ షాపులో మూడేళ్ల పని. చేతిలో రెండు ఆఫర్లు. ఒకటి ఖతార్‌లో గ్యాస్ ప్లాంటుకు పైపు ఫిట్టర్‌గా రెండేళ్ల కాంట్రాక్టు. రెండోది రాజస్థాన్‌లో సోలార్ పార్కులో టెక్నీషియన్ పని. మీ నాన్నగారు గల్ఫ్ వెళ్లమంటున్నారు. మీ మావయ్య మాత్రం ఆయిల్ పని అయిపోయింది, పదేళ్లలో అన్నీ మూసేస్తారు అంటున్నాడు. వీడియోలు చూస్తే ఒక ఆయిల్ కంపెనీ గ్రీన్ అంటోంది, ఇంకో కంపెనీ కొత్త బావులు తవ్వుతోంది, గ్రీన్ అన్న కంపెనీయే నాలుగేళ్లకు మాట మారుస్తోంది, ఎవర్ని నమ్మాలి అని అడిగావు.

నాది సోంపేట మండలం. 1997లో జామ్‌నగర్ రిఫైనరీ కడుతున్న రోజుల్లో పందొమ్మిదేళ్లకు హెల్పర్‌గా వెళ్లాను. తర్వాత ఫిట్టర్, ఫోర్‌మన్, చివరికి వెల్డింగ్ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్. సౌదీ, అబుదాబి, ఖతార్ కలిపి ఇరవై ఏళ్ల పైమాటే. రెండేళ్లుగా ఇంటి దగ్గరే ఉంటున్నాను. మన ఊళ్లలో గల్ఫ్ వెళ్లే ప్రతి కుర్రాడూ ఇదే అడుగుతున్నాడు, "ఏటి బావూ, ఆయిల్ పనైపోయిందంట గదా" అని. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

ముందు ఒక సంగతి. "ఆయిల్ కంపెనీలు ఏమంటున్నాయి" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు దొరకదు, ఎందుకంటే వాళ్లంతా ఒక్కటి కాదు. బయటి నుంచి చూస్తే ఒకే గుంపులా కనిపిస్తారు గాని, లోపల ఒకరికొకరు పడని నాలుగైదు వర్గాలున్నాయి. ఒక కంపెనీ ఎందుకలా మాట్లాడుతోందో తెలియాలంటే నేను చూసేవి ఇవీ: దాని చేతిలో భూమి కింద ఎంత నిల్వ ఉంది, అందులో ఉన్న డబ్బు ఎవరిది, పెట్టిన డబ్బు ఎన్నేళ్లలో తిరిగి రావాలి. ప్రకటనలో గాలిమర బొమ్మ ఉందా లేదా అన్నది నేను పట్టించుకోను.

నువ్వు చెప్పిన మాట మార్చే కంపెనీ బ్రిటన్ ఆయిల్ కంపెనీ బీపీయే అయ్యుంటుంది. దాని కథ తెలిస్తే సగం అర్థమైనట్టే. 1997లోనే దాని అధిపతి జాన్ బ్రౌన్ భూమి వేడెక్కుతున్న సంగతి తీవ్రంగా తీసుకోవాలని బహిరంగంగా చెప్పాడు. అప్పట్లో పెద్ద ఆయిల్ కంపెనీ నుంచి ఆ మాట రావడమే గొప్ప. 2000లో పువ్వు లాంటి కొత్త లోగో పెట్టారు, "పెట్రోలియం దాటి" అన్నారు. మన దేశంలో టాటా బీపీ సోలార్ అనే పేరు నీ వయసు వాళ్లకు తెలియకపోవచ్చు, మా తరానికి బాగా తెలుసు. 2011లో బీపీ ఆ సోలార్ వ్యాపారం నుంచి తప్పుకుంది. మళ్లీ 2020లో బెర్నార్డ్ లూనీ అధిపతిగా వచ్చి, 2030 నాటికి ఆయిల్, గ్యాస్ ఉత్పత్తి 40 శాతం తగ్గిస్తాం అన్నాడు. అంత పెద్ద కంపెనీ అంత మాట అనడం అదే మొదటిసారి. 2023 ఫిబ్రవరిలో ఆ 40 కాస్తా 25 అయింది. 2025 ఫిబ్రవరిలో, కొత్త అధిపతి హయాంలో, ఆ లక్ష్యమే వదిలేసి ఆయిల్, గ్యాస్ మీద ఏడాదికి 1,000 కోట్ల డాలర్లు పెడతాం, గ్రీన్ పెట్టుబడిలో 500 కోట్ల డాలర్లకు పైగా తగ్గిస్తాం అని ప్రకటించారు.

మధ్యలో జరిగింది యుద్ధం. 2022లో రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లాక ఆయిల్, గ్యాస్ ధరలు ఆకాశానికి వెళ్లాయి. ఆ ఒక్క ఏడాదిలో ఎక్సాన్‌కు 5,500 కోట్ల డాలర్లకు పైగా లాభం, షెల్‌కు దాదాపు 4,000 కోట్లు, సౌదీ ఆరామ్‌కోకు 16,100 కోట్లు. అలాంటప్పుడు బీపీ వాటాదారుడు అడిగే ప్రశ్న ఒకటే: పక్కవాడు బావి తవ్వి అంత సంపాదిస్తుంటే నా డబ్బు తీసుకెళ్లి సముద్రంలో గాలిమరలు ఎందుకు పాతుతున్నావు? ఆయిల్ బావిలో వచ్చే రాబడిలో సగం కూడా సోలార్, విండ్‌లో రావడం కష్టం. సోలార్ పాతికేళ్ల పాటు మెల్లగా, నికరంగా ఇస్తుంది. ఆయిల్‌లో రిస్కు ఎక్కువ, వస్తే మాత్రం కుండపోత. కుండపోతకు అలవాటు పడిన మదుపరికి నికరమైన చినుకు ఆనదు. షెల్ కూడా అంతే. 2021లో మా ఆయిల్ ఉత్పత్తి ఇక ఏటా కొంచెం కొంచెం తగ్గుతుంది అన్నవాళ్లు, 2023లో వాయిల్ సవాన్ అధిపతిగా వచ్చాక 2030 దాకా తగ్గించం, అలాగే ఉంచుతాం అన్నారు. నార్వే ప్రభుత్వ కంపెనీ ఈక్వినార్ 2018లో పేరులోంచి "ఆయిల్" తీసేసింది, 2017లోనే స్కాట్లండ్ దగ్గర తేలే గాలిమరలు నిలబెట్టింది. ఆ కంపెనీ కూడా 2025లో గ్రీన్ ఖర్చు తగ్గించుకుంది.

అయితే నిజంగా మారినవాళ్లు లేరా? ఉన్నారు. డెన్మార్క్‌లో డాంగ్ అనే ప్రభుత్వ కంపెనీ ఉండేది, పేరులోనే ఆయిల్, నేచురల్ గ్యాస్ ఉన్నాయి. అది 2017లో తన ఆయిల్, గ్యాస్ తవ్వి తీసే వ్యాపారం మొత్తం అమ్మేసి, ఓర్‌స్టెడ్ అని పేరు మార్చుకుని, సముద్రంలో గాలిమరలు కట్టే అతి పెద్ద కంపెనీల్లో ఒకటైంది. ఎలా కుదిరిందో చూడు. దాని సొంత నిల్వలు చిన్నవి, పైగా తరిగిపోతున్నాయి. యాభై శాతం దాటిన వాటా ప్రభుత్వానిది, వెనక్కి లాగే మదుపరులు తక్కువ. బావులు నిండుగా ఉన్నవాడు అలా అమ్మేసుకుని వెళ్లిపోవడం నేను చూడలేదు.

అమెరికా వాళ్లది ఇంకో దారి. ఎక్సాన్, షెవ్రాన్ సోలార్, విండ్ జోలికి పెద్దగా పోలేదు. ఎక్సాన్ సొంత శాస్త్రవేత్తలు 1970ల్లోనే వేడెక్కే సంగతి లెక్కగట్టి పై అధికారులకు చెప్పారు. అయినా కంపెనీ చాలా ఏళ్లు బయట సందేహాలే నాటింది. దీన్ని నేను తప్పు అని సూటిగా అంటాను, నా బతుకు ఆ పరిశ్రమ మీదే గడిచినా సరే. 2021 మేలో ఇంజిన్ నంబర్ వన్ అనే చిన్న మదుపు సంస్థ, చేతిలో 0.02 శాతం వాటాతో, మిగతా మదుపరులను కూడగట్టి ఎక్సాన్ బోర్డులో మూడు సీట్లు గెలిచింది. ఇక ఎక్సాన్ మారిపోతుంది అని అందరూ రాశారు. రెండున్నరేళ్లు తిరక్కుండా అదే ఎక్సాన్ దాదాపు 6,000 కోట్ల డాలర్లకు పయనీర్ అనే షేల్ (రాతి పొరలు పగలగొట్టి ఆయిల్ తీసే) కంపెనీని కొంటున్నట్టు ప్రకటించింది. గ్రీన్ పేరుతో వాళ్లు ఎంచుకున్నవి కూడా తమకు చేతనైన పనులే: కార్బన్‌ను పట్టి భూమిలోకి పంపడం, హైడ్రోజన్, అర్కాన్సాలో ఉప్పునీటి నుంచి లిథియం. మూడూ డ్రిల్లింగ్, పైపులు, పంపులు తెలిసినవాడి పనులే. ఈ సంగతి గుర్తుంచుకో, నీ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ చెప్తాను.

మూడో వర్గం గల్ఫ్ ప్రభుత్వ కంపెనీలు. నీకు అసలు పని ఇచ్చేది వీళ్లే. వీళ్ల లెక్క వేరు. వీళ్లకు బయటికి తీసే ఖర్చు చాలా తక్కువ. ప్రపంచంలో ఆయిల్ వాడకం తగ్గినా చివరిదాకా అమ్మేది మేమే అన్నది వాళ్ల ధీమా, అందులో నిజం ఉంది. ఆరామ్‌కో అధిపతి అమీన్ నాసర్ 2024లో హ్యూస్టన్ సభలో, ఆయిల్, గ్యాస్‌ను పూర్తిగా మానేస్తామన్న ఊహ వదిలేయండి అని ముఖం మీదే చెప్పాడు. కాని అదే గల్ఫ్‌లో అబుదాబి 2006లోనే మస్దార్ అనే గ్రీన్ కంపెనీ పెట్టింది, సౌదీ సుదైర్‌లో 1,500 మెగావాట్ల సోలార్ కట్టింది. ఇందులో వైరుధ్యం ఏమీ లేదు. సౌదీలో వేసవిలో ఏసీల కోసం ముడి చమురే కాల్చి కరెంటు తీస్తారు. ఇంట్లో ఎండతో కరెంటు తీస్తే ఆ చమురు ఓడెక్కించి అమ్ముకోవచ్చు. కొబ్బరి రైతు ఇంట్లో కూరకి కొబ్బరి వాడకం తగ్గించుకుని కాయలు సంతకి పంపినట్టు.

ఖతార్ సంగతి నీకు నేరుగా పనికొస్తుంది. ఏడాదికి 7.7 కోట్ల టన్నుల ఎల్‌ఎన్‌జీ (ఓడల్లో పంపడానికి చల్లబరిచి ద్రవంగా మార్చిన గ్యాస్) సామర్థ్యాన్ని 12.6 కోట్లకు పెంచుతున్నారు, ఆ పైన 14.2 కోట్లకు తీసుకెళ్తామని 2024లో ప్రకటించారు. మన పెట్రోనెట్ కంపెనీ 2028 నుంచి 2048 దాకా ఏటా 75 లక్షల టన్నులు కొంటామని సంతకం పెట్టింది. చైనా సైనోపెక్ 27 ఏళ్లకు రాసుకుంది. మీ మావయ్యకు ఈ తేదీలు చూపించు. పదేళ్లలో మూసేసే ప్లాంటుకు ఎవరూ 2048 దాకా అగ్రిమెంటు రాసుకోరు.

అలాగని మీ మావయ్య మాట పూర్తిగా తీసిపారేయకు. ఆయన చూసింది వేరే వైపు, ఆ వైపూ నిజమే. చైనాలో 2024లో అమ్ముడైన కొత్త కార్లలో, ఛార్జింగ్ పెట్టే హైబ్రిడ్లు కూడా కలిపి, దాదాపు సగం కరెంటువి. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2023 చివర్లో చెప్పిన లెక్క ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది: ప్రపంచం మొత్తం మీద క్లీన్ ఎనర్జీలో పెడుతున్న డబ్బులో ఆయిల్, గ్యాస్ కంపెనీల వాటా 1 శాతం. ఒక్కటే శాతం. అంటే ఆయిల్ కంపెనీలు ఎటు ఊగినా ఈ మార్పు వాళ్ల కోసం ఆగలేదు, వేరేవాళ్లు చేసుకుపోతున్నారు. బీపీ వెనక్కి వెళ్లింది కాబట్టి సోలార్ పని అయిపోయింది అనుకోవడం ఎంత తప్పో, సోలార్ పెరుగుతోంది కాబట్టి ఆయిల్ రేపే మూతపడుతుంది అనుకోవడమూ అంతే తప్పు.

ఇంకో సంగతి చెప్పాలి, మన జిల్లావాళ్లకు ఇది ముఖ్యం. ఈ పరిశ్రమలో అసలైన కొట్లాట గ్రీన్‌వాళ్లతో కాదు, గ్యాస్‌వాళ్లకీ బొగ్గువాళ్లకీ మధ్య. ఒకే యూనిట్ కరెంటుకు గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ బొగ్గుతో పోలిస్తే దాదాపు సగం. 2015లో బీపీ, షెల్, టోటల్, స్టాటాయిల్ (ఇప్పటి ఈక్వినార్), ఎనీ, బీజీ, ఈ ఆరు యూరప్ కంపెనీలు కలిసి, కార్బన్ మీద ధర పెట్టండి (వదిలిన కార్బన్‌కు డబ్బు కట్టించండి) అని ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగానికి ఉత్తరం రాశాయి. మంచితనం ఎంతో నాకు తెలియదు గాని, ఆ ధర పడితే ముందు కూలేది బొగ్గు, ఆ చోటు దక్కేది గ్యాస్‌కి. అమెరికాలో చెసపీక్ అనే గ్యాస్ కంపెనీ వర్గం 2007-2010 మధ్య సియెర్రా క్లబ్ అనే పర్యావరణ సంస్థకు 2.5 కోట్ల డాలర్లకు పైగా ఇచ్చింది, బొగ్గు ప్లాంట్లకు వ్యతిరేకంగా ఉద్యమం నడపడానికి. 2020లో అమెరికా ప్రభుత్వం మీథేన్ (గ్యాస్‌లో ప్రధానంగా ఉండేది ఇదే) లీకుల నియమాలు సడలిస్తుంటే బీపీ, షెల్, ఎక్సాన్ వద్దన్నాయి, చిన్న చిన్న బావుల వాళ్లు మంచిదన్నారు. పెద్దవాళ్ల దగ్గర లీకు పట్టే పరికరాలున్నాయి, పైగా తమ గ్యాస్ శుభ్రమైనదని యూరప్‌లో చూపించుకోవాలి. చిన్నవాడికి ఆ పరికరాల ఖర్చే బావి మీద వచ్చే లాభాన్ని మింగేస్తుంది. 2021 జనవరిలో టోటల్ అయితే అమెరికా పెట్రోలియం సంఘం నుంచే బయటికొచ్చేసింది, వాతావరణం మీద మీ మాట, మా మాట కలవడం లేదని.

బొగ్గు అంటే మన తీరంవాళ్లకు పుస్తకంలో మాట కాదు. 2010 జులై 14న సోంపేట బీల (చిత్తడి నేల) దగ్గర పోలీసు కాల్పులు జరిగినప్పుడు నేను అబుదాబిలో ఉన్నాను. 2,640 మెగావాట్ల బొగ్గు ప్లాంటు బీల భూముల్లో కడతామన్నారు, మన రైతులు, మత్స్యకారులు వద్దన్నారు. ఆ రోజు నేను ఫాబ్రికేషన్ షెడ్డులో పన్నెండు అంగుళాల పైపుకు ఫ్లాంజ్ సరిచూస్తున్నాను, లెవెల్ పెట్టి బబుల్ మధ్యకి తెస్తున్నాను. మా తమ్ముడు ఫోన్ చేశాడు. మనవాళ్లు చనిపోయారు అన్నాడు. వెనకాల ఏడుపులు వినిపిస్తున్నాయి. నా చేతిలో లెవెల్ అలాగే ఉంది, ఇంక బబుల్ కనపడలేదు. అదే రోజు ఢిల్లీలో పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. ఒక్క రోజు ముందు వచ్చి ఉంటే అన్న బాధ మా ఊళ్లో ఇప్పటికీ పోలేదు. తర్వాతి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లి దగ్గరా కాల్పులు జరిగి మనుషులు పోయారు. అదీ బొగ్గు ప్లాంటే, అదీ చిత్తడి నేలే, పక్కనే తేలినీలాపురం కొంగలు దిగే చోటు.

ఆ రాత్రి క్యాంపులో నిద్ర పట్టలేదు. మా ఇంటికి డబ్బు ఆయిల్ నుంచి వస్తోంది, మా పొలానికి నీళ్లు బీల నుంచి వస్తున్నాయి. రెండూ నిజమే. ఈ చర్చలో ఎవరైనా నన్ను "నువ్వు ఏ పక్షం" అని అడిగితే నాకు ఆ ఫోనే గుర్తొస్తుంది. ఎక్కడ కడతారు, ఎవరి నీళ్లు పోతాయి అని అడక్కుండా ఏ ఇంధనమూ మంచిది అనను. రేపు సోలార్ పేరుతో బీల లాంటి నేల అడిగినా ఇదే అంటాను.

మన దేశంలో బొగ్గు ఎక్కడికీ పోలేదు. 2024-25లో దేశం తవ్విన బొగ్గు మొదటిసారి 100 కోట్ల టన్నులు దాటింది. 2025 మధ్యలో కరెంటు సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానివే అయ్యాయి. అది మంచి వార్తే. కాని సామర్థ్యం వేరు, నిజంగా వచ్చే కరెంటు వేరు. రాత్రి ఎండ ఉండదు కాబట్టి వాడే కరెంటులో ఇంకా దాదాపు 70 శాతం బొగ్గుదే. సోంపేట గేటు దగ్గర నిలబడితే తెలుస్తుంది: తాల్చేరు వైపు నుంచి దక్షిణానికి బొగ్గు రైలు, యాభై ఎనిమిదో తొమ్మిదో వ్యాగన్లు, పోతూనే ఉంటుంది. పరవాడ సింహాద్రి ప్లాంటు 2,000 మెగావాట్లు పూర్తిగా నడవాలంటే అలాంటి రైళ్లు రోజుకు అరడజను పైనే కావాలి. రైల్వే సరుకులో దాదాపు సగం బొగ్గే, ఆ సరుకు లాభంతోనే మన పలాస పాసింజర్ టికెట్టు అంత చవగ్గా ఉంది. బొగ్గును ఆపడం అంటే ఒక్క గనిని ఆపడం కాదు, ఇవన్నీ కదులుతాయి.

ఆ సింహాద్రి ప్లాంటులోనే చెరువు మీద 2021లో 25 మెగావాట్ల తేలే సోలార్ పెట్టారు. పక్కన పూడిమడక దగ్గర గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కి 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేశారు. బొగ్గు కాల్చేదీ కేంద్ర ప్రభుత్వ కరెంటు కంపెనీ ఎన్టీపీసీయే, హైడ్రోజన్ కడతామనేదీ ఎన్టీపీసీయే. యూరప్‌లో రెండు కంపెనీల మధ్య ఉండే చీలిక మన దగ్గర ఒకే కంపెనీ లోపల ఉంటుంది. రిలయన్స్ కూడా అంతే, జామ్‌నగర్‌లో ఒక వైపు ప్రపంచంలోనే పెద్ద రిఫైనరీ, మరో వైపు 2021లో ప్రకటించిన సోలార్, బ్యాటరీ ఫ్యాక్టరీలు. భారత్ పెట్రోలియం మన రాష్ట్రంలో రామాయపట్నం దగ్గర కొత్త రిఫైనరీ, పెట్రోకెమికల్ పనులు మొదలుపెట్టింది. పెట్రోల్ తగ్గినా ప్లాస్టిక్, రసాయనాల గిరాకీ ఉంటుందని వాళ్ల లెక్క.

గ్యాస్‌ని గుడ్డిగా నమ్మినా దెబ్బే. మన రాష్ట్రమే దానికి సాక్ష్యం. కేజీ బేసిన్‌లో 2009లో గ్యాస్ వచ్చింది, ఆ గ్యాస్ చూసుకుని గోదావరి జిల్లాల్లో కరెంటు ప్లాంట్లు కట్టారు. రెండు మూడేళ్లకే ఉత్పత్తి పడిపోయింది, కొత్త టర్బైన్లు గ్యాస్ లేక ఖాళీగా నిలబడ్డాయి. క్లీన్ ఎనర్జీ వచ్చి మూయించలేదు వాటిని, అడుగున సరుకు లేక ఆగాయి.

ఇప్పుడు నీ సంగతి. నాకు జరిగిందొకటి చెప్తాను, భయపెట్టడానికి కాదు. 2014 మధ్యలో బ్యారెల్ 100 డాలర్ల పైన ఉంది, 2016 జనవరిలో 30 లోపుకు పడిపోయింది. నేను అప్పుడు సౌదీలో ఒక సబ్‌కాంట్రాక్టర్ దగ్గర ఫోర్‌మన్‌ని. మొదట ఓవర్‌టైమ్ ఆపారు. తర్వాత మెస్‌లో వారానికి మూడుసార్లు వచ్చే కోడికూర ఒకసారి అయింది. తర్వాత జీతం ఒక నెల లేటు, రెండు నెలలు లేటు. ఐదు నెలల జీతం బాకీ పెట్టి, ఇకామా (సౌదీలో ఉండడానికి ఇచ్చే పర్మిట్) రెన్యువల్ చేయకుండా వదిలేశారు. ఇకామా లేకపోతే క్యాంపు దాటి మందుల షాపుకు వెళ్లాలన్నా టెన్షనే. నా కింద పదకొండు మంది మన కుర్రాళ్లు, ఇద్దరు ఇచ్ఛాపురం వైపు వాళ్లు, రోజూ సాయంత్రం నా మంచం దగ్గరికొచ్చి "అన్నా, ఏమన్నా తెలిసిందా" అని అడిగేవారు. నా దగ్గర జవాబు లేదు. చివరికి మూడు నెలల డబ్బే చేతికొచ్చింది, టికెట్టు మేమే కొనుక్కున్నాం. అసలు కంపెనీ ఆ ఏడాది కూడా లాభాల్లోనే ఉంది. ధర పడినప్పుడు కోత పైనుంచి రాదు, అడుగునుంచి వస్తుంది. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఆయిల్ ధర సున్నా కిందికి పోయినప్పుడూ ఇదే చూశాను.

అందుకే నేను ఆయిల్ ఉంటుందా పోతుందా అన్నది కాదు, నీకు జీతమిచ్చేది ఎవరు అన్నది ముందు అడుగుతాను. 2048 దాకా గ్యాస్ అమ్మేది ఖతార్ కంపెనీ. నీ సంతకం ఉండేది సబ్‌కాంట్రాక్టరుతో. ఆ రెండూ ఒకటి కాదు.

నా సలహా సూటిగా: ఆఫర్ కాగితాలు సరిగ్గా ఉంటే ఖతార్ వెళ్లు. ఒక కాంట్రాక్టు, మహా అయితే రెండు. బయల్దేరే ముందు అక్కడి పరిస్థితి, యుద్ధ వాతావరణం లాంటివి ఆ వారం వార్తల్లో చూసుకో. సోలార్ ఆఫర్ వద్దంటున్నది సోలార్ మంచిది కాదని కాదు. నీ ట్రేడ్ పైపు. సోలార్ పార్కు కట్టేటప్పుడు వందలమంది కావాలి, కట్టాక ప్యానెళ్లు కడిగేవాళ్లు, కాపలా, ఇన్వర్టర్లు చూసే కొద్దిమంది ఎలక్ట్రీషియన్లు చాలు. అక్కడ నీ ఫిట్టర్ చేయి మొద్దుబారుతుంది. నువ్వు ఎలక్ట్రీషియన్ ట్రేడ్ అయ్యుంటే రాజస్థాన్ వెళ్లమనే చెప్పేవాణ్ని, సబ్‌స్టేషన్, బ్యాటరీ పని నేర్చుకోమని.

ఇందాక గుర్తుంచుకోమన్నది ఇక్కడికే. ఆయిల్ కంపెనీలు గ్రీన్ వైపు వేసిన అడుగులు ఎక్కువగా పైపు పనిలోనే ఉన్నాయి: హైడ్రోజన్, అమ్మోనియా, కార్బన్ పట్టడం, బయోగ్యాస్. రిఫైనరీలో హైడ్రోజన్ ఇప్పటికే ఉంది, దాన్ని గ్యాస్ నుంచి తీస్తారు, కిలోకి తొమ్మిది పది కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతారు. గ్రీన్ హైడ్రోజన్ అంటే అదే హైడ్రోజన్‌ను సోలార్ కరెంటుతో నీళ్ల నుంచి తీయడం. లైనులో పోయేది అదే, కష్టమూ అదే. హైడ్రోజన్ అన్నిటికన్నా చిన్న అణువు, ఫ్లాంజ్ (పైపులు బోల్టులతో కలిపే చోటు) దగ్గర వెంట్రుకంత సందు దొరికినా బయటికొస్తుంది. ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది. నేను ఇన్‌స్పెక్టర్‌గా ఉన్నప్పుడు హైడ్రోజన్ లైను జాయింటుకి ఎక్స్‌రే ఒక్కటీ సరిపోయేది కాదు, వెల్డ్ తర్వాత వేడి చేసి మెల్లగా చల్లార్చాలి, హార్డ్‌నెస్ చూడాలి. ఒకసారి ఎక్స్‌రే ఫిల్మ్ శుభ్రంగా వచ్చిన జాయింటు హార్డ్‌నెస్‌లో ఫెయిలైతే, మా వెల్డర్ మూడు గంటలు ఎండలో కూర్చుని చేసిందాన్ని నేనే కోయించాను. అతను ఒక్క మాట అనలేదు, కొత్త బెవెల్ కొట్టి (పైపు అంచు వాలుగా చెక్కి) మళ్లీ మొదలుపెట్టాడు. ఆ చేయి పూడిమడకలో కావాలి, కాకినాడలో పాత ఎరువుల ఫ్యాక్టరీ చోట కడుతున్న గ్రీన్ అమ్మోనియా ప్లాంటులో కావాలి. ఏటా 10 లక్షల టన్నుల ప్లాంటు అది.

కాబట్టి ఖతార్‌లో ఉన్న రెండేళ్లలో వట్టి ఫిట్టర్‌గా తిరిగి రాకు. డ్రాయింగ్ చదవడం, ఐసోమెట్రిక్ డ్రాయింగ్ నుంచి స్పూల్ (ముందే అతికి సిద్ధం చేసే పైపు ముక్క) కొలత తీయడం పక్కా చేసుకో. టిగ్ వెల్డింగ్‌లో సిక్స్‌జీ (వాలుగా బిగించిన పైపు చుట్టూ వెల్డ్ చేసే) టెస్టు పాసవ్వు, స్టెయిన్‌లెస్ మీద కూడా. ఇన్‌స్పెక్షన్ వైపు మనసుంటే ఎన్‌డీటీ (జాయింటును కోయకుండా పరీక్షించడం) లెవెల్ టూ చెయ్యి, నాలుగైదేళ్ల అనుభవం తర్వాత సీస్విప్ అనే వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్ష రాయొచ్చు. ఎత్తు భయం లేకపోతే గాలిమరల మీద పనిచేసేవాళ్ల జీడబ్ల్యూఓ సేఫ్టీ ట్రైనింగ్ కూడా ఉంది, కాని అది రిగ్గర్లకి ఎక్కువ పనికొస్తుంది.

ఇక కాగితాల సంగతి. ఏజెంటు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఉందో లేదో చూడు. నీకు పదో తరగతి ఉంది కాబట్టి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేని పాస్‌పోర్టే అయ్యుంటుంది, అయినా చూడు. ప్రభుత్వ నియమం ప్రకారం ఏజెంటు 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. మన దగ్గర లక్ష, లక్షన్నర అడుగుతున్నవాళ్లున్నారని నాకు తెలుసు. అంత అప్పు చేసి మాత్రం వెళ్లకు, మొదటి ఏడాది జీతం వడ్డీకే పోతుంది. విజిటింగ్ వీసా మీద తీసుకెళ్లి అక్కడ మారుస్తామంటే వద్దను.

ఆఫర్ లెటర్‌లో యజమాని పేరు, బేసిక్ జీతం విడిగా, ఓవర్‌టైమ్ లెక్క, తిండి ఎవరిది, ప్రాజెక్టు మధ్యలో ఆగితే తిరుగు టికెట్టు ఎవరు ఇస్తారు, ఈ ఐదూ రాసి ఉండాలి. మౌఖికంగా చెప్పింది లెక్కలోకి రాదు. నీ పేరు, పాస్‌పోర్టు నంబరు చెరిపేసి ఆ రెండు పేజీల ఫొటో ఇక్కడే పెట్టు. సాయంత్రం ఏడు తర్వాత ఖాళీగా ఉంటాను, లైను లైను చూసి చెప్తాను. సంతకం అప్పటిదాకా పెట్టకు.